ఆదివారం కూడా పనిదినమే అయినవాళ్లకి

ఆఫీసు గది నుంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కృష్ణా డెల్టాలో ఒక పెద్ద చర్చి సంఘం ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగా పనిచేశాను. రిటైరయ్యాక ఈ శీర్షిక రాస్తున్నాను. మామూలుగా బ్యాంకులు, బడులు, షాపుల్లో పనిచేసేవాళ్ల ప్రశ్నలు ఎక్కువ వస్తుంటాయి. ఈ నెల మాత్రం మూడు ఉత్తరాలు చర్చి ఆఫీసుల నుంచే వచ్చాయి. ఈసారి చోటంతా వాటికే ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్ గారూ, వందనాలు. నాకు 34 ఏళ్లు. ఒక పాస్టరేట్ (ఒక పాస్టర్ గారి బాధ్యతలో ఉండే సంఘం) ఆఫీసులో ఏడేళ్లుగా అసిస్టెంట్‌గా ఉన్నాను. మా సంఘంలో ఆరువందల పైచిలుకు కుటుంబాలు. ఆఫీసులో నేను, బయట వాచ్‌మన్ గారు, అంతే. పొద్దున తొమ్మిదికి వచ్చి కూర్చుంటే ఒక్క పనీ చివరిదాకా సాగదు. బాప్తిస్మం సర్టిఫికెట్ కోసం ఒకరు, చందా కట్టడానికి ఒకరు, హాలు బుకింగ్‌కి ఇంకొకరు వస్తూనే ఉంటారు. అయ్యగారు (మా పాస్టర్ గారు) ఒక పని చెబుతారు, సెక్రటరీ గారు ఇంకోటి, స్త్రీల సమాజం ప్రెసిడెంట్ గారు మరోటి. అన్నీ అర్జెంటే. రాత్రి పదకొండింటికి కూడా వాట్సాప్‌లో ‘అమ్మా, రేపటికి’ అని మెసేజ్ వస్తుంది. ఆదివారం ఎలాగూ సెలవు లేదు. సోమవారం కానుకల లెక్క. మధ్యాహ్నం అన్నం మూడింటికి తింటున్నాను. మా వారు టైం మేనేజ్‌మెంట్ నేర్చుకోమంటున్నారు. పెద్దలతో చెబితే ‘దేవుని పనమ్మా, గంటలు లెక్కపెట్టకూడదు’ అంటారు. తప్పు నాదేనా? డిసెంబరు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తల్లీ, తప్పు నీది కాదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదానివే చేస్తున్నావు, అదీ ముగ్గురు పెద్దల చేతికింద. మీ వారు అన్న టైం మేనేజ్‌మెంట్ కొంతవరకు పనికొస్తుంది. ఆ సంగతులు చెబుతాను. మిగతాది కమిటీ చేయాల్సిన పని, దాన్ని నీ నెత్తిన వేసుకోకు.

నేను చేరిన కొత్తలో జరిగింది ఒకటి చెప్పాలి. మార్చి నెలాఖరు. పుస్తకాలు ఆడిట్‌కి వెళ్లాలి. చందాల లెడ్జరు కూడిక మూడుసార్లు వేసినా నూట పది రూపాయలు తేడా వస్తోంది. గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డారు. తల ఎత్తకుండానే “కూర్చోండి బాబాయ్, ఐదు నిమిషాలు” అన్నాను. ఆయన బెంచీ మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. తేడా దొరికింది. పుస్తకం మూసి “చెప్పండి” అన్నాను. “మీ పిన్ని తెల్లవారుజామున పోయిందమ్మా. గంట కొట్టించాలి” అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆ బెంచీ చూస్తే ఆ ఇరవై నిమిషాలు గుర్తొచ్చేవి. ఇప్పుడు నీకు రాస్తుంటే కూడా మనసు బరువెక్కింది.

చర్చి ఆఫీసులో బల్ల వేసిందే ఆ గుమ్మంలోకి వచ్చే మనిషి కోసం. మనిషి రాగానే పెన్ను కింద పెట్టి ముఖం చూడగలగాలి. అలా చూడాలంటే చేతిలో సగం కూడిన లెడ్జరు ఉండకూడదు. కాబట్టి కాగితాలకి ఒక వేళ, మనుషులకి ఒక వేళ వేరుగా ఉండాలి. మా ఆఫీసులో చివరికి స్థిరపడిన పద్ధతి ఇది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా తలుపు వేసి కాగితాల పని. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఎవరైనా రావచ్చు. రెండు నుంచి నాలుగు మళ్లీ కాగితాలు. నాలుగు నుంచి ఐదున్నర మళ్లీ మనుషులు, ఎందుకంటే ఉద్యోగాలు చేసేవాళ్లు, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునేవాళ్లు అప్పుడే రాగలరు. తలుపు వేసి ఉన్న వేళల్లో వాచ్‌మన్ గారు బయట కూర్చుని ఒక్కటే అడిగేవారు: “చావు కబురా, ఆసుపత్రా, పోలీస్ స్టేషనా?” ఈ మూడింట్లో ఏదైనా సరే, తలుపు వెంటనే తీయాలి. మిగతావాళ్ల పేరు, పని పుస్తకంలో రాసుకుని టైం చెప్పేవారు.

ఈ వేళలు బోర్డు మీద రాస్తే చాలదు. అయ్యగారి నోట రావాలి. పెళ్లికి ముందు గుడిలో చదివే పెళ్లి ప్రకటనల్లాగా మూడు ఆదివారాలు వరసగా చదివించు. మొదటి నెల కొందరు నొచ్చుకుంటారు. నాతో రెండు నెలలు మాట్లాడని ఒక ఆంటీ తర్వాత “నాలుగింటికి వస్తే నువ్వు తీరిగ్గా మాట్లాడతావు, అదే బాగుంది” అన్నారు.

ఒంటిగంట నుంచి రెండు దాకా నీది. శిష్యులకి అన్నం తినే తీరిక కూడా లేకపోతే ప్రభువే వాళ్లని పక్కకి తీసుకెళ్లారని మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది కదా. ఒంటిగంటకి క్యారియర్ తెరువు.

ఇక సర్టిఫికెట్లు. నా అనుభవంలో చర్చి ఆఫీసు టైంని అన్నిటికంటే ఎక్కువగా తినేది ఇదే. రిజిస్టర్లు తేదీల వరసలో ఉంటాయి, వచ్చినవాళ్లకి తేదీ తెలియదు. మా దగ్గర చాలామంది “ఉప్పెన వచ్చిన ఏడాది పుట్టాడంట” అనేవారు. అంటే 1977 అన్నమాట. ఆ ఏడాది, ముందేడు, తర్వాతేడు తిరగేయాలి. దాని మీద ఇంకో చిక్కు: రిజిస్టర్లో బాప్తిస్మపు పేరు ఉంటుంది, ఆధార్‌లో బడి పేరు ఉంటుంది. ఇంటిపేరు ఒక గుమాస్తా ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసి ఉంటారు. ఒక్క సర్టిఫికెట్‌కి గంటన్నర పట్టిన రోజులు నాకున్నాయి.

దీనికి మందు ఒక్కటే, సూచిక తయారు చేసుకోవడం. ఒక పొడుగు పుస్తకంలోనో, ఎక్సెల్‌లోనో ఇంటిపేరు, బాప్తిస్మపు పేరు, వాడుక పేరు, తండ్రి పేరు, తేదీ, రిజిస్టరు నంబరు, పేజీ రాయాలి. రోజుకి ఇరవై పేర్లు చాలు, మధ్యాహ్నం రెండింటికి కూర్చోగానే ముందు ఆ పని. ఈ ఏడాది నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లు, ఎక్కువ అడిగేది గత నలభై ఏళ్లవే. మేము చేతిరాతతో 1931 దాకా వెళ్లడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత గంటన్నర పని పది నిమిషాలకి వచ్చింది. యూత్ పిల్లలు ఫోన్‌తో ఫొటోలు తీసి పెడతామంటారు. పాత కాగితం పొడి అయిపోతోంది కాబట్టి అదీ మంచిదే, కానీ అయ్యగారి అనుమతితో, ఆఫీసు గదిలోనే జరగాలి. రిజిస్టరు గడప దాటకూడదు. సర్టిఫికెట్ వచ్చిన రోజే ఇవ్వడం మానేసి, అడిగినవాళ్లతో దరఖాస్తు రాయించుకుని బుధవారం, శనివారం ఇవ్వు. బడుల అడ్మిషన్ల రోజుల్లో, పెళ్లిళ్ల ముందు రద్దీ ఉంటుంది, అప్పుడు మాత్రం ఇంకో రోజు కలుపుకో.

సోమవారం కానుకల లెక్క అన్నావు. అది సోమవారం దాకా ఎందుకు రావాలి? ఆరాధన అయిన వెంటనే వెస్ట్రీలో (గుడిని ఆనుకుని ఉండే గదిలో) ట్రెజరర్ గారు, వేర్వేరు ఇళ్లకి చెందిన ఇద్దరు పెద్దలు కలిసి లెక్కపెట్టి, నోట్ల వివరం రాసి, ముగ్గురూ సంతకం చేసి బీరువాలో పెట్టాలి. డబ్బు లెక్కలో నువ్వు ఒక్కదానివే ఉండటం నీకూ మంచిది కాదు. రేపు వంద రూపాయలు తగ్గితే వేలు చూపించేది నీ వైపే. సోమవారం బ్యాంకుకి ట్రెజరర్ గారు వెళ్లాలి. నీ దగ్గరికి మంగళవారం సంతకాల కాగితం, బ్యాంకు రసీదు, ఖాళీ చందా కవర్లు వస్తే చాలు, లెడ్జరులో ఎక్కిస్తావు. ఫోన్‌పేలో వచ్చే కానుకలతో ఈ మధ్య కొత్త తలనొప్పి ఉందని విన్నాను, ఎవరు పంపారో తెలియదట. చందా కార్డు నంబరు మెసేజ్‌లో రాసి పంపమని క్యూఆర్ కోడ్ కిందే పెద్ద అక్షరాలతో అంటించు.

అప్పుడు సోమవారం నీకు ఖాళీ అవుతుంది. ఆ రోజు సెలవు అడుగు. పాస్టర్లలో చాలామందికి అదే విశ్రాంతి రోజు కాబట్టి ఆఫీసు మూసినా పెద్ద ఇబ్బంది రాదు. అదనంగా దయ చూపించమని అడుగుతున్నట్టు అడగకు. వారానికి ఒక రోజు విశ్రాంతి పది ఆజ్ఞల్లోనే ఉంది.

ఆదివారం ప్రకటనలకి గురువారం సాయంత్రం ఐదు గంటలు గడువు పెట్టించు. శనివారం రాత్రి “ఒక్క ప్రకటనే కదమ్మా” అంటారు. ఆ ఒక్కదానికి కాగితం మళ్లీ ప్రింట్ చేయాలి. గడువు దాటాక మరణవార్త ఒక్కటే చేరుతుందని కమిటీ తీర్మానం రాసుకుంటే నువ్వు ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. అలాగే పాటల నంబర్లు బుధవారానికే క్వయర్ మాస్టర్ గారికి చేరితే శనివారం నీకు పది ఫోన్లు తగ్గుతాయి.

ముగ్గురు పెద్దల సంగతికి వద్దాం. ఎవరికీ ‘కుదరదు’ అనకు, చెప్పిన వెంటనే మొదలూ పెట్టకు. ఒక పని పుస్తకం పెట్టు: తేదీ, ఎవరు చెప్పారు, ఏం పని, ఎప్పటికి. చెప్పినవాళ్ల ఎదుటే రాయి. మంగళవారం పొద్దున అయ్యగారితో పావుగంట కూర్చుని “ఈ వారం వీటిలో ఏది ముందు?” అని అడిగి పక్కన 1, 2, 3 వేయించుకో. ఆ తర్వాత ఎవరైనా అర్జెంట్ అంటే పుస్తకం చూపించి “అయ్యగారిని అడిగి దీన్ని ముందుకి జరపనా?” అని అడుగు. నేను గమనించింది ఏమిటంటే, సగం పనులు అక్కడే నిదానించేవి. చెప్పినవాళ్లకి నీ బల్ల మీద అప్పటికే ఏం ఉందో తెలియదు, అంతే. వాళ్లు చెడ్డవాళ్లు కాదు.

రాత్రి మెసేజ్‌ల గురించి అయ్యగారితో నేరుగా మాట్లాడు. చాలామంది గుర్తొచ్చినప్పుడు మరిచిపోకుండా పంపేస్తారు, నువ్వు అప్పుడే చదువుతున్నావని అనుకోరు. “అయ్యగారూ, రాత్రి ఎనిమిది దాటాక అవసరమైతే ఫోన్ చేయండి, ఎత్తుతాను. మెసేజ్ పెడితే పొద్దున తొమ్మిదికి చూస్తాను” అని చెప్పు. అలా చెప్పాక నువ్వు నిజంగానే చూడకూడదు.

చావు కబురు వచ్చిన రోజు ఈ వేళలేవీ ఉండవు, ఉండకూడదు. అందుకని దానికి ముందే సిద్ధంగా ఉండాలి. అట్ట మీద ఒక కాగితం అంటించి గోడకి తగిలించు: సమాధుల తోట తాళం ఎవరి దగ్గర ఉంది, గొయ్యి తవ్వేవాళ్ల నంబర్లు, కుర్చీలు, షామియానా వాళ్ల నంబరు, పెట్టె చేసే వడ్రంగి, గంట ఎవరు కొడతారు, భూస్థాపన రిజిస్టరు ఏ అరలో ఉంది. ఆ కాగితం ఉంటే ఐదు ఫోన్లతో పని అయిపోతుంది, నువ్వు వాచ్‌మన్ గారికి ఆఫీసు అప్పజెప్పి ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోవచ్చు. నేను ఇన్ని మాటలు రాసింది ఆ కాసేపు కోసమే.

డిసెంబరు గురించి. 2026లో క్రిస్మస్ శుక్రవారం వస్తోంది. క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం నవంబరు 29న మొదలవుతుంది. క్రిస్మస్ తర్వాత 27 ఆదివారం, 31 గురువారం పాత ఏడాది చివరి రాత్రి చేసే వాచ్ నైట్ ఆరాధన, మర్నాడు కొత్త సంవత్సరం, మళ్లీ 3న ఆదివారం. పది రోజుల్లో ఐదు పెద్ద ఆరాధనలు. 29 నవంబరు నాటికి నీ బల్ల మీద ఏం ఉండకూడదో ఇప్పుడే రాసుకో. క్రిస్మస్ కానుక కవర్లు, వాగ్దాన కార్డుల ప్రింటింగ్, వీధుల వారీగా కేరల్స్ తిరిగే పట్టిక, సండే స్కూల్ బహుమతుల లిస్టు, దుప్పట్లు, చీరలు పంచే ఇళ్ల లిస్టు, షామియానా, లైటింగ్ అడ్వాన్సులు నవంబరులోనే అయిపోవాలి. చాలామంది మరిచిపోయేది ఇంకోటి ఉంది. జనవరి మొదటి వారం పెళ్లికి మూడు ప్రకటనలు డిసెంబరు ఆదివారాల్లోనే చదవాలి. 2027లో ఈస్టర్‌కి ముందు శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 10నే వస్తోంది, ఈస్టర్ మార్చి 28. మీ సంఘంలో శ్రమ దినాల్లో పెళ్లిళ్లు చేయకపోతే జనవరి, ఫిబ్రవరి మొదటి వారాల్లోనే అన్నీ కుక్కుకుంటాయి. హాలు, గుడి తేదీలు ఒకే రిజిస్టర్లో రాయి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి సాధారణంగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపలే జరగాలి. బుకింగ్ అప్పుడే పెళ్లివారికి ఆ మాట చెప్పి సంతకం తీసుకుంటే, సాయంత్రం ఆరున్నరకి ఊరేగింపు ఎక్కడుందో అని నువ్వు గేటు దగ్గర నిలబడక్కర్లేదు.

చివరిగా ‘దేవుని పని, గంటలు లెక్కపెట్టకూడదు’ అన్న మాట. ఆ మాట విని నేను చాలా ఏళ్లు నోరెత్తలేదు. ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. ఎవరి గంటల గురించి వాళ్లు అలా అనుకోవచ్చు, అది భక్తి. జీతానికి పనిచేసే ఇంకొకరి గంటల గురించి అలా అనే హక్కు ఎవరికీ లేదు. రెండు వారాలపాటు ప్రతి అరగంటకీ ఏం చేశావో ఒక పుస్తకంలో రాయి. వ్యాఖ్యలు వద్దు, పనులు మాత్రమే. దాన్ని కమిటీ ముందు పెట్టి నవంబరు నుంచి జనవరి దాకా వారానికి మూడు రోజులు ఒక సహాయకుల్ని అడుగు. నేను ఎనిమిదో ఏట అలా అడిగాను. మాట్లాడకుండా పుస్తకం తిప్పి చూశారు, డిగ్రీ చదివే ఒక అబ్బాయిని జీతానికే పెట్టారు. అంతకు ముందు ఏడేళ్లు ఎందుకు అడగలేదా అని బాధపడ్డాను. నీకూ ఇప్పటికి ఏడేళ్లయింది.

ప్రశ్న: నేను ఖమ్మం వైపు ఒక గ్రామీణ పాస్టరేట్‌కి ఈ మధ్యే బదిలీపై వచ్చిన పాస్టర్‌ని. కేంద్రంతో కలిపి తొమ్మిది ఊళ్ల సంఘాలు. పగలంతా బండి మీద తిరుగుతున్నాను. వెళ్లిన ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రానికి అలిసిపోతాను. ప్రసంగం శనివారం రాత్రి పన్నెండింటికి సిద్ధపడుతున్నాను. ఆఫీసు సిబ్బంది అంటూ ఎవరూ లేరు. ఏం చేయాలి?
– ఒక సేవకుడు

జవాబు: అయ్యగారూ, వందనాలు. ప్రసంగం గురించి మీకు చెప్పేంతదాన్ని కాను, డైరీ గురించి మాత్రం చెబుతాను.

మీ వైపు పత్తి, మిర్చి. తీతల కాలంలో పగలు ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పసివాళ్లే ఉంటారు. సంఘమంతా చేలల్లో ఉంటుంది. పగటి ప్రయాణం సగం వృథా పోయేది అందుకే. పగలు బల్ల దగ్గర కూర్చోండి, సాయంత్రం ఆరు తర్వాత ఊళ్లోకి వెళ్లండి. రోజుకి ఒక్క ఊరు. దారి ఒకటే అయితే రెండు. ఏ ఊరికి ఏ వారమో నెల పొడుగునా ఒకటే ఉండాలి. రెండో నెల నుంచి జనం ఆ రోజుకి ఎదురుచూస్తారు, ప్రార్థన అవసరాలు, బాప్తిస్మం, పెళ్లి కబుర్లు దాచిపెట్టుకుని అప్పుడే చెబుతారు. మీ ఫోన్ మోగడం తగ్గుతుంది. మంచాన పడ్డవాళ్లని మాత్రం పగలే చూడండి, వాళ్లకి పగలే పొద్దుపోదు.

నేను ఐదుగురు పాస్టర్ల దగ్గర పనిచేశాను. వాళ్లలో ఒకరు మంగళ, బుధవారాలు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోన్ అమ్మగారికి (ఆయన భార్యకి) ఇచ్చి వెస్ట్రీలో తలుపు వేసుకునేవారు. శనివారం ఆయన పిల్లలతో ఆడుకోవడం నేను చూశాను. మిగతావాళ్లకి ఆ అదృష్టం లేదు.

తొమ్మిది ఊళ్లని ఒక్కరే మోయలేరు, మోయాలని ఎవరూ అనుకోలేదు కూడా. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్లలో సంఘాలు పెరిగింది ఊరూరా ఉన్న ఉపదేశకుల వల్ల, సామాన్య విశ్వాసుల సాక్ష్యం వల్ల. ఆ చరిత్ర నాకంటే మీకే బాగా తెలుసు. ప్రతి ఊళ్లో ఒకరిని, వీలైతే ఒక స్త్రీని కూడా ఎంచుకుని, నెలకోసారి అందరినీ కేంద్రానికి పిలిచి కూర్చోబెట్టండి. రిజిస్టర్లలో రాయడం, చందా రసీదు కోయడం, వాక్యం చదివి ప్రార్థన నడిపించడం నేర్పండి. మొదట్లో మీరే చేసుకుంటే త్వరగా అయిపోయేదనిపిస్తుంది. ఆరు నెలలు ఓపిక పట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా చర్చికి నేను ట్రెజరర్‌ని. పాస్టర్లు కాక ఆరుగురు సిబ్బంది ఉన్నారు. టైంకి రావడం లేదని కమిటీలో ఫిర్యాదులు. బయోమెట్రిక్ మెషీన్ పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: పెట్టొచ్చండీ, తప్పేం లేదు. కానీ ఆరుగురిలో ఎవరి పని ఏమిటో, ఏ రోజు సెలవో కాగితం మీద రాసి వాళ్ల చేతికి ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. అది లేకుండా వేలిముద్ర తీసుకుంటే వచ్చిన టైం తెలుస్తుంది, పని తెలియదు. ఇంకో సంగతి. ఆఫీసు మనిషి తొమ్మిదిన్నరకి వచ్చారని ఫిర్యాదు చేసినవాళ్లకి, ముందు రోజు రాత్రి ఉపవాస కూడిక అయ్యాక ఆయన ఎన్నింటికి ఇంటికి వెళ్లారో తెలిసి ఉండకపోవచ్చు.

మెషీన్ కొనే ముందు ఒక్క వారం మీరే స్వయంగా ఒక పని చేయండి. మీ వాచ్‌మన్ గారు పొద్దున గేటు తాళం తీసిన టైం, రాత్రి వేసిన టైం రోజూ రాసుకోండి. మొదటి ఆరాధనకి కుర్చీలు సర్దడానికి ఆయన ఆదివారం ఎన్నింటికి లేస్తున్నారో కూడా అడిగి రాయండి. తర్వాతి కమిటీ మీటింగులో మెషీన్ కొటేషన్ కంటే ముందు ఆ కాగితం చదవండి.